కొట్టంలో పగిలిన అమ్మ ఇత్తడి బిందెలు

మా చిన్నప్పుడు ఒక వానాకాలమంతా, నాందేడ్‌లోని మా ఇంట్లో అందరి చెవులూ పెరటివైపే... పశువుల కొట్టంలోంచి ఆ చప్పుడు ఎప్పుడొస్తుందోనని.

నైజాం కాలం నాటి మాట. ముందు దుకాణం, వెనక ఇల్లు, ఆ వెనక కొట్టం. నాకు ఊహ తెలిసేలోపే అమ్మ పోయింది. పుట్టింటివాళ్లు ఆమెకు పెట్టిన ఇత్తడి బిందెలు, గంగాళం మాత్రం వంటింట్లో తళతళలాడుతూ ఉండేవి.

తర్వాత బాపు, అంటే మా నాన్న, రెండో పెళ్లి చేసుకుని చిన్నమ్మను తెచ్చాడు. పోయిన కోడలి సామాను కొత్త కోడలు ముట్టకూడదని మా ఇంటి ఆనవాయితీ. నా పెళ్లికి నాతో పంపాలని నాయనమ్మ వాటన్నిటినీ కొట్టంలో గడ్డి వెనక దాయించింది.

చిన్నమ్మది మా నాందేడ్ దగ్గరి హిమాయత్‌నగర్. మాట తక్కువ, ప్రేమ ఎక్కువ. నాకు జడ వేసి, తన పక్కలోనే పడుకోబెట్టుకునేది. ఆమె కొంగు వదలబుద్ధయ్యేది కాదు నాకు.

ఆ ఏడు ముసురు పట్టింది... ఓ మధ్యాహ్నం అన్నాలు తింటుంటే కొట్టంలోంచి 'టంగ్' మని... ఎవరో గోటితో మీటినట్టు. వెళ్లి చూస్తే అమ్మ బిందె మెడ నుంచి అడుగుదాకా నిలువునా చీలి ఉంది. మనిషి ముట్టలేదు, పశువు తగల్లేదు. కొన్నాళ్లకు ఇంకో బిందె... ఆ తర్వాత గంగాళం.

పక్కనే ఉన్న రాగి గుండిగ చెక్కుచెదరలేదు. చనిపోయిన అమ్మే బిందెలు పగలగొడుతోందని, గుండిగ నాయనమ్మది కాబట్టి దాని జోలికి పోలేదని అన్నారు!  నాకు అమ్మను తలుచుకోవాలన్నా భయమేసేది.

చివరికి నాయనమ్మ చిన్నమ్మను చూపిస్తూ బాపుతో అంది: "సచ్చినదానికి ఇది మనసొప్పలే. దీన్ని పుట్టింటికి తోలిరా."

బాపు వెంటనే లేచాడు. బండి కట్టాడు. ఎక్కే ముందు చిన్నమ్మ కొట్టంలోకి వెళ్లి, పగిలిన బిందెకు కుంకుమ పెట్టి చేతులు జోడించింది.

"అక్కా, నీ బిడ్డెను ఒక్క మాట గూడ అనలే. నేను పోతున్న... ఇగ ఊకో."

ఆమె వెళ్లిన వారం తిరక్కుండానే ఇంకో బిందె పగిలింది.

నాయనమ్మ పొయ్యి దగ్గర తలెత్తలేదు. బాపు దుకాణంలోకి వెళ్లిపోయాడు. చిన్నమ్మను తీసుకొస్తారని ఎంత ఎదురుచూశానో... మళ్లీ బండి కట్టినవాళ్లు లేరు.

మొన్న ఈ సంగతి చెబితే ఇంజనీరు మనవడు నవ్వలేదు. ఇత్తడి అంటే రాగిలో జింకు కలిపిన లోహమట. సుత్తితో కొట్టి చేసిన బిందెలో ఆ దెబ్బల బిగువు లోపలే ఉండిపోతుందట. పశువుల మూత్రం ఘాటు, వాన తేమ కలిసి తగిలితే తనంతట తానే చీలుతుందట. ఉత్త రాగికి ఆ బెడద తక్కువట. ఇప్పుడైతే ఫ్యాక్టరీల్లో కాస్త వేడి చేసి ఆ బిగువు తీసేస్తారట.

అంటే... వాటిని వంటింట్లోనే ఉంచి చిన్నమ్మను వాడుకోనిచ్చి ఉంటే, ఒక్కటీ పగిలేది కాదేమో.

ఇప్పుడు ఇళ్లనిండా స్టీలే. గిన్నె చప్పుడైతే ఎవరూ ఉలిక్కిపడరు. మీ ఇళ్లలోనూ ఫలానావాళ్లు ముట్టకూడదని దాచిన సామాను ఉండేదా? ఉంటే రాయండి, చదువుతాను... మా చిన్నమ్మ మాత్రం, చనిపోయిన సవతే తనను వెళ్లగొట్టిందని నమ్ముతూనే కన్నుమూసి ఉంటుంది.