ఉప్పులేని సీసా

మొన్న బందరులో ఒక పెళ్ళింట చేతులు కడుక్కుంటూ, దాహానికి ఆగలేక అవే నీళ్లు ఒక గుక్క తాగాను. ఉప్పు. ఆ ఇంటి అమ్మాయి పరుగున వచ్చి, "అయ్యో తాతగారూ, అవి తాగకండి, మంచినీళ్లు తెస్తానుండండి!" అంది. నాలుక మీద ఆ ఉప్పు ఉండగానే దానియేలు గారు గుర్తొచ్చారు.

అరవైల్లో యురేనియం జాడ వెతుకుతూ మా సర్వే బృందం బందరులో మకాం పెట్టింది. ఊరూరా బావుల నీళ్లూ, కాలవల అడుగున పేరుకున్న ఒండ్రూ తెచ్చి పరీక్షించడం మా పని. దానియేలు గారు మా ఆఫీసరు. గుడివాడ దగ్గర పల్లెటూరాయన. ఆదివారం చర్చికి వేసుకున్న ఇస్త్రీ చొక్కాతోనే సోమవారం కాలవలోకి దిగేవారు. బావి నీళ్లు మనమే తోడాలనీ, ఆ నీళ్లతోనే సీసాను మూడుసార్లు కడిగి నింపాలనీ, పుస్తకంలో "స్వయంగా తోడాను" అని రాసి సంతకం పెట్టాలనీ ఆయన పట్టుదల. నాకదంతా చాదస్తంగా తోచేది. కొత్తగా బీఎస్సీ పాసై వచ్చినవాణ్ణి, పొగరుకేం తక్కువ!

దివిసీమలో ఒక మిట్టమధ్యాహ్నం నాగేంద్రమ్మ అనే రైతు ఇల్లాలు నన్ను అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. "ఎండన పడొచ్చారు, కూర్చోండి బాబూ, నీళ్లు నేను పట్టుకొస్తాగా" అని సీసా తీసుకుని లోపలికి వెళ్ళింది. నింపి తెచ్చింది. నేను అలవాటుగా సంతకం పెట్టేశాను.

బందరులో దానియేలు గారు ఆ నీళ్లలో సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేశారు. ఉప్పు నీరైతే పాలలా తెల్లబడాలి. చుట్టుపక్కల బావులవన్నీ తెల్లబడ్డాయి. ఇది మాత్రం కాస్త మసకేసి ఊరుకుంది.

"ఏవయ్యా మూర్తీ, నువ్వే తోడావా?"

"అవునండీ" అన్నాను వెంటనే. నా ఉద్యోగం ఖాయం చెయ్యాలో వద్దో ఆయన రాయవలసిన వారం అది.

"అలాగా! అయితే ఉప్పునేలలో తీపి బావి ఉందన్నమాట. రేపు చూసొద్దాం పద" అన్నారు.

మర్నాడు మమ్మల్ని చూసి నాగేంద్రమ్మ సంబరపడిపోయింది. "ఆ నీళ్లా? బావివి కాదండీ! గవర్నమెంటోళ్ళు అడిగితే ఉప్పునీళ్లిస్తామా, మా పరువేం గానండీ? కాలవ నుంచి తెచ్చి, చిల్లగింజ అరగదీసి తేర్చిన బిందెలోవి పోశాను" అంది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన నన్ను పల్లెత్తు మాట అనలేదు. కాలవ మైలు దూరమని తెలుసుకుని, "ఆవిడ అంత దూరం మోసుకొచ్చిన నీళ్లు మనం వాడేశామయ్యా. పట్టు బిందె" అన్నారు. ఆవిడ "అయ్యయ్యో, మీరేంటండీ!" అని వెంటపడుతున్నా వినకుండా ఇద్దరం చెరో బిందె మోశాం. ఆ తర్వాత బావి నీళ్లు నేనే తోడాను.

తిరుగు ప్రయాణంలో పడవ ఎక్కాక, "అబద్ధమాడానండీ. నా గురించి ఏం రాస్తారో మీ ఇష్టం" అన్నాను.

"నీళ్లకు అబద్ధం రాదయ్యా. ఎక్కడివో చెప్పాల్సింది మనం. ఇవాళ ఉప్పు, రేపు యురేనియం. లేని బావి ఒకటి పటంలోకి ఎక్కితే దాని వెనక ఎంతమంది తిరుగుతారో ఆలోచించు" అని, పుస్తకం తీసి పాత నమూనా చెల్లదని రాశారు. సరిచూసుకోని తప్పు తనదంటూ కింద ఆయనే సంతకం పెట్టారు. నా ఉద్యోగం నిలిచింది. ఆయన మీద అంత ప్రేమా, నా మీద అంత రోతా ఒకేసారి కలగడం అదే మొదలు.

కొన్నేళ్లకు నేనూ ఆఫీసరునయ్యాను. బల్ల మీద సీసా పెట్టిన ప్రతివాణ్ణీ "నువ్వే తోడావా?" అని అడిగేవాణ్ణి. కాస్త ఆలోచించి జవాబు చెప్పినవాడి మాట రాసుకునేవాణ్ణి. వెంటనే "అవునండీ" అన్నవాణ్ణి మాత్రం వెంటబెట్టుకుని మళ్ళీ ఆ బావి దాకా వెళ్ళేవాణ్ణి.