అక్క అడిగిన ప్రశ్న

పోయిన బుధవారం అక్క చనిపోయింది. క్యాన్సర్ తిరగబెట్టాక ఎక్కువ రోజులు ఉండదని అందరికీ తెలుసు. అయినా బావగారు ఫోన్ చేసి చెప్పగానే నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అది ఎవరి మీదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆమె నా తోడబుట్టింది కాదు. ఎం.ఎస్. చేయడానికి నేను టెక్సస్ వచ్చేసరికి మా ల్యాబులో పీహెచ్‌డీ చేస్తోంది. కరీంనగర్ మనిషి. ల్యాబులో పెట్టుకునే కళ్లద్దాలు తలపైకి నెట్టుకుని, ఆ సంగతి మరచిపోయి అలాగే ఇండియన్ స్టోర్‌కి వచ్చి పచ్చిమిరపకాయలు ఏరుకునేది. నాకు వంట నేర్పింది, డ్రైవింగ్ నేర్పింది.

అతినీలలోహిత కాంతితో, వైర్లు లేకుండా సందేశాలు పంపడం ఆమె పరిశోధన. ఆ కాంతి గాలిలో చెదిరి, అడ్డుగా గోడ ఉన్నా అవతలికి చేరుతుంది. కానీ చేరేది కొంచెమే. దారిలో సందేశం చెడిపోతుంది. ముందే కొన్ని అంకెలు అదనంగా జతచేసి పంపితే, చెడినవాటిని అవతలి యంత్రమే సరిచేసుకుంటుంది. అలా జతచేసే కోడ్‌ను అక్క తయారుచేసింది. “మళ్ల పంపుమని అడిగే వీలుండది. పంపేటప్పుడే జాగ్రత్త పడాలె” అనేది.

అది దండగ పని అని మా ప్రొఫెసర్ మొదటినుంచీ అన్నాడు. ఓ మధ్యాహ్నం పార్కింగ్ లాట్‌లో, భవనానికి అటొకటి ఇటొకటి పెట్టిన యంత్రాల మధ్య సందేశం తప్పు లేకుండా చేరింది. అక్క గట్టు మీద కూర్చుని నారింజపండు ఒలిచి నాకు సగం పెట్టింది. తర్వాత ఆ కోడ్ గురించి అచ్చయిన పరిశోధన పత్రంలో ప్రొఫెసర్ పేరు, ఆయన స్నేహితుడి పేరు ఉన్నాయి. ఆమె పేరు లేదు. అడిగినందుకు ఫండింగ్ ఆపేశాడు. పీహెచ్‌డీ సగంలో వదిలేసి ఇర్వింగ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరింది. మరచిపొమ్మని అందరూ చెప్పారు.

“మరువను. నిమ్మళంగుంట, గంతే” అంది.

కొన్నేళ్లకు డాలస్‌లో జరిగిన కాన్ఫరెన్స్‌కి సెలవు పెట్టి, నన్నూ వెంటబెట్టుకుని వెళ్లింది. ప్రొఫెసర్ అదే కోడ్ చూపించి, ఎంత దూరమైనా పనిచేస్తుందన్నాడు. దూరం పెరిగితే అంకెలను మోసే వెలుగు సాగి ఒక అంకె మీద ఇంకో అంకె పడుతుంది. తప్పులు గుంపులుగా వస్తాయి. ల్యాబు వదిలాక ఆమె ఇంట్లో కూర్చుని కనిపెట్టిన సంగతి అది. విరుగుడు కూడా కనిపెట్టింది. ఆయన చేతిలో ఉన్నది, గుంపుగా వచ్చే తప్పులను సరిచేయలేని పాత కోడే.

అక్క లేచి, తప్పులు గుంపుగా వస్తే ఈ కోడ్ ఏం చేస్తుందని ఇంగ్లీషులో మెల్లగా అడిగింది. ఆయన స్లైడ్లు వెనక్కి తిప్పాడు, నీళ్లు తాగాడు, తర్వాత విడిగా మాట్లాడుకుందామన్నాడు.

“ఇక్కడే మాట్లాడదాం. ఈ కోడ్ రాసింది నేను. అది ఎక్కడ ఫెయిలవుతుందో మీకు తెలియదు.”

ముందు వరుసలో ఉన్న ఒక పెద్దాయన ఆమెను బోర్డు దగ్గరికి రమ్మన్నాడు. ఆమె వివరిస్తున్నంతసేపూ ప్రొఫెసర్ పక్కన నిలబడి విన్నాడు. తిరిగొస్తూ హైవే ఎక్కాక, “కడుపు నిండింది” అంది. నా కడుపూ నిండింది.

శనివారం అక్క సంతాపసభకు ప్రొఫెసర్ వచ్చాడు. కార్యక్రమం నడుపుతున్నది నేను. శిష్యురాలి గురించి రెండు ముక్కలు మాట్లాడతానని, కాగితం చేతిలో పట్టుకుని అడిగాడు. ఈ టైంలో గొడవెందుకులే, మాట్లాడనిచ్చేయమన్నారు బావగారు. ఆయన మంచితనం ఆయనది. అక్క ఎన్నడూ క్షమించలేదు; ఆమె తరఫున క్షమించే హక్కు నాకు లేదు.

“మీ పేరు ఇందులో లేదు” అన్నాను, మాట్లాడేవాళ్ల జాబితా చూపించి.

ఆయన వెళ్లి చివరి కుర్చీలో కూర్చున్నాడు. ఆమెతో పనిచేసినవాళ్లు, ఆమె దగ్గర డ్రైవింగ్ నేర్చుకున్నవాళ్లు ఒక్కొక్కరే లేచి మాట్లాడారు. ఆయన తన చేతిలోని కాగితాన్ని మడిచాడు, ఇంకా చిన్నగా మడిచాడు, ఇక మడత పడనంతగా మడిచి పిడికిట్లో పెట్టుకున్నాడు.