ఇత్తడి అటువైపు తేలాలి

మంథని నుంచి పెద్దపల్లి పోయే రోడ్డు మీద, వడ్ల మిల్లు దాటాక ఒక రేకుల షెడ్డు ఉంటుంది. బోర్డు లేదు. అయినా సైకిల్ రాజేశం ఎక్కడుంటాడంటే బస్సు కండక్టరు కూడా చెప్తాడు. రాజేశం సైకిళ్లు బాగుచేయడు. పంక్చరు వేయమని వచ్చినవాణ్ణి అవతలి సందులోకి పంపిస్తాడు, అదీ కొంచెం చిరాగ్గానే. అతను సైకిళ్లు పుట్టిస్తాడు. మనిషిని నిలబెట్టి, నడిపించి, కొలిచి, ఆ మనిషికి తప్ప ఇంకొకరికి పనికిరాని సైకిలు చేసిస్తాడు.

దుకాణంలో దొరికే సైకిలు రెండు కాళ్లూ రెండు చేతులూ వెన్నూ సరిగ్గా ఉన్నవాళ్ల కోసం చేసింది. లోకమంతా అలాంటివాళ్లే ఉన్నారని దాన్ని చేసినవాళ్ల నమ్మకం కాబోలు. రాజేశం తండ్రి బుచ్చిరాములు ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో వంగి పనిచేసి, వంగిన నడుముతోనే బయటికొచ్చాడు. మామూలు సైకిలెక్కితే ఆయనకు ముందు చక్రం తప్ప మరేమీ కనబడేది కాదు. అప్పట్లో గోదావరిఖనిలో గ్యాస్ వెల్డింగు పనిచేస్తున్న రాజేశం, పైపులు కోసి, హ్యాండిలును పైకీ వెనక్కీ తెచ్చి తండ్రికి ఒక సైకిలు చేసిచ్చాడు. బుచ్చిరాములు దాని మీద కూర్చుని తలెత్తి, "చానా దినాలకు చెట్లు కనవడుతున్నయ్‌ర కొడుకా" అన్నాడు. ఆ మాట కొడుకు చేత ఉన్న పని మాన్పించి, ఈ రోడ్డు పక్కన షెడ్డు వేయించింది.

ఆ తర్వాత ఇరవై రెండేళ్లలో ఎవరెవరికి చేయలేదు? ఒంటిచేతి మనిషికి, మోకాలు వంగని ముసలామెకు, మూడు పాలక్యాన్లు మోసేవాడికి. ఒక పాత తలుపు చెక్క మీద సుద్దతో సైకిలును అసలు కొలతలో గీసి, గీత మీద మేకులు కొట్టి, వాటి మధ్య పైపులు పేరుస్తాడు. అదంతా చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ, ప్రాణం ఉండేది అతుకులో. పైపు కొసను, పైపులు కలిసేచోట ఉండే ఇనప మూతిలోకి దూర్చి, వెలిగారం పూసి, ఎర్రగా కాల్చి, ఇటువైపు ఇత్తడి కడ్డీ ముట్టిస్తే అది కరిగి సందులోకి పోతుంది. అటువైపు అంచున సన్నటి పసుపుపచ్చని దారంలా తేలాలి. తేలితే అతుకు నిండినట్టు. తేలకపోతే పైన ఎంత నునుపుగా ఉన్నా లోపల డొల్లే. రంగు వేశాక ఆ తేడా దేవుడికి కూడా కనబడదు.

పోయిన ఎండాకాలం నుంచి రాజేశానికి ఆ దారం కనబడటం లేదు.

కరీంనగర్‌లో కళ్ల డాక్టరు ఉన్నమాట చెప్పాడు. షుగరు కంటి వెనకాల నరాలను తినేసింది. ఉన్న చూపును నిలబెట్టగలను, పోయింది తేలేను అన్నాడు. బస్సులో తిరిగొస్తూ రాజేశం భార్య సమ్మవ్వతో ఒకటే మాట అన్నాడు. "ఎవ్వలకు చెప్పకు. నా చేతులకు కండ్లున్నయ్." సమ్మవ్వ చెప్పలేదు. చెప్పకపోవడం తప్పని ఆమెకు తెలుసు, చెబితే ఈయన ఏమైపోతాడో కూడా తెలుసు.

అటువైపు కనబడకపోతే చల్లారాక గోటితో గీకి చూసుకునేవాడు. గరుకుగా తగిలితే ఇత్తడి వచ్చిందనుకునేవాడు. గడ్డకట్టిన వెలిగారం కూడా గోటికి అలాగే తగులుతుందని అతనికి తెలియక కాదు. తెలియనట్టు ఉన్నాడు. ఆ ఏడాది అలా మూడు సైకిళ్లు చేశాడు.

మొదటిది పాల వెంకటిది. ఒక పొద్దున వెంకటి దాన్ని ఆటోలో వేసుకొచ్చి షెడ్డు ముందు దించాడు. హ్యాండిలు కింద అతుకు ఊడి, సైకిలు రెండుగా విడిపోయింది. వెంకటి మోకాలికి గుడ్డ కట్టుకున్నాడు గానీ నవ్వుతూనే ఉన్నాడు.

"పాలు వోయినయ్ గని పాణం వోలే అన్నా. గీ గుంతల రోడ్డు మీద ఇనుము మాత్రం ఎంతదాక ఆగుతది? నేను గూడ క్యాన్లు ఎక్కువేసిన."

చుట్టూ చేరిన నలుగురూ రోడ్డును తిట్టారు. రాజేశం ఊడిన మూతిలోకి వేలు పెట్టి చుట్టూ తిప్పాడు. లోపల పొడిగా, నల్లగా, మసి. ఇత్తడి అంచు దగ్గరే ఆగిపోయింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు అతనూ రోడ్డు మీదికి తోసేసి ఊరుకోవచ్చు. ఊరంతా తోసేయడానికి సాయపడుతోంది.

"రోడ్డుది గాదు వెంకటీ," అన్నాడు. "తప్పు నాది. నాకు కండ్లు కనవడ్తలేవు."

ఇరవై రెండేళ్లు కట్టుకున్న పేరును ఒక్క ముక్కతో రోడ్డు మీద పెట్టేశాడు. ఆ మధ్యాహ్నమే రెండో సైకిలు కోసం వెనక వీధిలోని విజయేందర్ సారు ఇంటికి పోయి, నచ్చజెప్పి తెచ్చుకుని, అతుకును హాక్సా బ్లేడుతో నిలువునా కోయించి చూశాడు. అదీ సగం డొల్లే.

మూడోది జైనూర్‌లో అమూల్య దగ్గర ఉంది.

అమూల్య ఎడమకాలు పుట్టుకతోనే కుడికాలికంటే నాలుగు వేళ్లు పొట్టి. మంథనిలో ఉన్న మేనత్త ఆ పిల్లను తీసుకొచ్చింది. రాజేశం ఎడమ పెడలు కాడను పొట్టిగా చేసి, సీటును ఒక పక్కకు జరిపి సైకిలు కట్టాడు. దాని ధైర్యంతోనే ఆమె తపాలా ఉద్యోగంలో చేరింది. రోజూ సంచీ వేసుకుని గుట్టల మీది గూడేలకు ఉత్తరాలు, పింఛన్లు తీసుకుపోతుంది. ఎక్కేటప్పుడు నెట్టుకుంటూ పోయినా, దిగేటప్పుడు సైకిలు మీదే దిగుతుంది. ఆ దిగుడులో ముందు అతుకు ఊడితే మోకాలికి గుడ్డ కట్టుకోవడంతో పోదు.

ఫోను చేస్తే ఆ పిల్ల నవ్వింది. "మంచిగ నడుస్తుంది కాకా, ఫికర్ చెయ్యకు."

మర్నాడు తెల్లవారగానే రాజేశం బయల్దేరాడు. సమ్మవ్వ తానూ వస్తానంటే, "నువ్వచ్చి ఏం జేస్తవ్" అన్నాడు. మంచిర్యాలలో ఒక బస్సు, ఆసిఫాబాద్‌లో ఇంకో బస్సు. బోర్డులు చదవలేక ప్రతిచోటా ఎవరినో అడిగాడు. కెరమెరి ఘాట్ మలుపుల్లో బస్సు ఒరిగినప్పుడల్లా ముందు సీటును పట్టుకున్నాడు. జైనూర్‌లో తపాలా ఆఫీసు అరుగు మీద కూర్చున్నాడు. చాలాసేపటికి పైనుంచి బ్రేకుల కీచుమన్న చప్పుడు వినబడింది. ఆ చప్పుడు కిందికి వచ్చి ఆగేదాకా చెవి అటే పెట్టి కూర్చున్నాడు.

సంగతంతా చెప్పి, అతుకు కోసి చూడాలన్నాడు. అమూల్య హ్యాండిలు వదల్లేదు.

"చూడు కాకా, గని కొయ్యకు. రేపట్నుంచి నేను దేని మీద వోవాలె?"

"కొయ్యకుంటె తెల్వది బిడ్డా."

"నాకైతె ఏం గాలే గద ఇన్ని దినాలు."

"వెంకటికి గూడ ముందటి దినందాక ఏం గాలే."

రాజేశం పట్టిన కుందేటికి మూడే కాళ్లు. ఆమె చివరికి చేతులు తీసేసి పక్కకు జరిగింది. పక్క దుకాణంలో బ్లేడు అడిగి తెచ్చి, తడుముకుంటూ ముందు అతుకును తానే కోశాడు. రెండు ఫ్రేములు డొల్లగా తేలాక, ఇదీ డొల్లగా తేలుతుందనే అతని ధీమా. ఈ పిల్లను కాపాడాననుకోవడానికి అప్పటికే సిద్ధంగా ఉన్నాడు.

అమూల్య వంగి చూసింది. "నిండుగనే ఉంది గద కాకా. మొత్తం పచ్చగ మెరుస్తుంది."

రాజేశం గోరు పెట్టి చూశాడు. ఎక్కడా సందు లేదు. ఇంత గొప్ప అతుకు తన జీవితంలో పది కూడా వేసి ఉండడు.

"అవు," అన్నాడు. "నిండుగున్నది. నాకే తెల్వలే."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది అతనికి. మధ్యాహ్నం ఇవ్వాల్సిన ఉత్తరాలు ఉన్నాయని సంచీ భుజాన వేసుకుని, ఎడమవైపు పడుతూ కుడివైపు లేస్తూ గుట్ట దారి పట్టింది. పది అడుగులకే ఆమె అతని చూపు దాటిపోయింది. అడుగుల చప్పుడు మాత్రం ఇంకొంచెంసేపు వినబడింది. మంచి సైకిలును తన చేత్తో కోసి, నడవలేని పిల్లను నడిపించినందుకు రాజేశం ఆ అరుగు మీద కూర్చుని ఏడ్చాడు.

కోసిన ఫ్రేమును సంచిలో కట్టి ఇంటికి తెచ్చి సమ్మవ్వ ముందు పెట్టాడు. ఆమె వెలుతురుకు తిప్పి చూసింది.

"ఇది బాగనే ఉంది. ఎందుకు కోసినవ్?"

"గవి రెండు డొల్లలు, ఇదెట్ల నిండింది? అదే సమజైతలేదు."

సమ్మవ్వ ఫ్రేమును కింద పెట్టింది. "దీన్ని చేసిన దినం నేను ఇంట్ల ఉన్న," అంది. "నీ ఎదురుంగ నిలవడ్డ. ఇంక తేలలే, ఇంక తేలలే అన్న. నాకు చెప్పొస్తవా అని తిట్టినవ్. తిట్టుకుంటనే మళ్ల కడ్డి ముట్టిచ్చినవ్."

అతనికి తిట్టినట్టు గుర్తుంది. ఎందుకు తిట్టాడో గుర్తులేదు.

"మరి కడమ రెంటికి?"

"నాట్లకు వోయిన." ఆమె గొంతు తగ్గింది. "నీకు కనవడ్తలేదని తెలిసి గూడ వోయిన. వెంకటి మోకాలు పాపం నాది గూడ."

భర్త తప్పులో భార్య వాటా అడగడం రాజేశం ఎన్నడూ వినలేదు. ఆమె చేయి పట్టుకుందామనుకున్నాడు కానీ, ముప్పై ఏళ్ల కాపురంలో అలవాటు లేని పని కావడంతో పట్టుకోలేకపోయాడు. రేపు పైపులు కొయ్యాలె, నువ్వు యాడికి వోకు అన్నాడు.

మూడు రోజుల్లో అమూల్య కొత్త ఫ్రేము తలుపు చెక్క మీదికి ఎక్కింది. అప్పటికే ఇద్దరు గిరాకీలు వచ్చారు. నాకు కనవడది, మా ఇంటామె చూస్తది, ఇష్టమైతే చేస్త అని రాజేశం ముందే చెప్పాడు. ఒకాయన మళ్లీ వస్తానని పోయాడు, రాలేదు. కూలీకి పోయే కనకవ్వ మాత్రం, చెయ్యి నీదైతె చాలు, కన్ను ఎవ్వలదైతేంది అని కొలతలిచ్చి పోయింది.

సమ్మవ్వకు నల్లద్దాలు పెట్టించి అతుకు అటువైపు పీట వేసి కూర్చోబెట్టాడు. వెనక చక్రం వైపు అతుకులన్నీ అయ్యాయి. ఆమె "వచ్చింది" అన్నప్పుడల్లా మంట తీశాడు. చివరికి మిగిలింది హ్యాండిలు కిందిది. గుట్ట దిగేటప్పుడు అమూల్య బరువంతా ఆగేది దాని మీదే.

మంట ముట్టించాడు, కడ్డీ పెట్టాడు. ఇనుము వేడెక్కిన వాసనను బట్టి, కడ్డీ తరిగిన తీరును బట్టి, ఇరవై రెండేళ్ల అలవాటు అతనికి చెప్పింది, నిండిందని. అంత గట్టిగా ఎన్నడూ చెప్పలేదు. గ్యాసు కట్టేయడానికి చేయి మర మీదికి పోయింది.

"రాలే," అంది సమ్మవ్వ.

చేయి మర మీదే ఆగింది. నోటిదాకా వచ్చిన తిట్టును మింగడానికి అతనికి కొంతసేపు పట్టింది.

"ఏ పక్క?" అని అడిగాడు.

"నా కుడిచేయి పక్క. కింద."

రాజేశం మంటను అటు తిప్పి, కొత్త కడ్డీ అందుకున్నాడు.