రిజిస్టరులో లేని మగడు

పర్ణశాల దాటిన కాసేపటికి తారు రోడ్డు అయిపోయింది. అక్కడి నుంచి మట్టి బాటలో పదకొండు కిలోమీటర్లు నడక. వీపున ఇరవై కిలోల బరువు, రెండు లీటర్ల నీళ్లు. ఫిబ్రవరి ఎండలో మధ్యాహ్నం రెండింటికి క్యాంపు చేరాం. మా కేంద్ర బలగాల కంపెనీలో తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. మణుగూరు బొగ్గుబాయి కార్మికుడి కొడుకుని. అందుకే తుపాకీతో పాటు రిజిస్టరూ నా నెత్తినే పడింది.

మొదటి ఆర్డరు: రాష్ట్ర సరిహద్దు అవతలి గొడవలకు ఊళ్లొదిలి వచ్చి, అడవిలో గుడిసెలేసుకున్న కుటుంబాల పేర్లు రాయాలి. పదిహేడో గుడిసె భీమెది. ఏన్కూరు మిరప చేలల్లో కూలి చేస్తూ తెలుగు నేర్చింది.

“నీ మగడేడి?”

“సచ్చిండు సార్.”

తడక వెనక మగమనిషి దగ్గాడు. భీమె నా కళ్లలోకి చూసింది. మగడు లేడని రాశాను. పుణ్యం చేశాననుకున్నాను, నా మొహం.

ఆ దగ్గింది ఆమె భర్త ఉంగా. అవతల నాగలి పట్టినవాడు. ఇక్కడి భాష రాదు, బయటికెళితే పట్టుకుంటారని భయం. ఆమె తెల్లవారుజామున ఐదింటికి కూలీల ట్రాలీ ఎక్కేది. అతను జావ కాచి, మూడేళ్ల కూతురికి తల దువ్వేవాడు.

“ఆడ ఆయన మాటే మాట. గీడ అన్నిటికి నేనే మాట్లాడాలె. సిగ్గుతోని నా దిక్కు సూస్తలేడు,” అంది భీమె ఒకసారి. “పిల్లకు గూడ అయ్య అనొద్దని చెప్పినం సార్. ఎవలన్న అడిగితే మామ అంటది.”

మార్చిలో రెండో ఆర్డరు. ఆలుబిడ్డలున్నవాళ్లను వదిలేయాలి, ఒంటరి మగవాళ్లను విచారణకు పంపాలి. మూడో రోజు ఉదయం తొమ్మిదింటికి వాగు దగ్గర ఉంగా దొరికాడు. ఎక్కడుంటావని సైగ చేస్తే భీమె గుడిసె చూపించాడు.

వైర్‌లెస్‌లో కమాండర్ హిందీలో అడిగాడు: “పదిహేడులో మగవాళ్లున్నారా? ఓవర్.”

“రిజిస్టరులో లేరు సార్. ఓవర్.”

తప్పు రాశానంటే ఉద్యోగానికే ఎసరు. భయపడ్డాను.

కమాండర్ జీపులో వచ్చాడు. ఉంగాను గుడిసె ముందు నిలబెట్టారు. భీమె ఏడుస్తూ నా చెయ్యి పట్టుకుంది. “మా ఆయనే సార్. బతికే ఉన్నడు. నువ్వన్న చెప్పు.”

ఆమె మాటలు మాత్రం హిందీలో చెప్పాను. నాకు ముందే తెలుసన్న సంగతి మింగేశాను.

“మొన్న చచ్చాడన్నది, ఇవాళ బతికాడంటోంది. పిల్లనడుగు,” అన్నాడు కమాండర్.

అడిగాను. “గీయన నీకేమైతడు, బిడ్డా?”

పిల్ల తల్లిని చూసింది, తండ్రిని చూసింది.

“మామ.”

జీపు కదిలింది.

జూన్‌లో డ్యూటీ ముగించుకుని ఇంటికొచ్చాను. నా కూతురు ‘నాన్నా’ అంటూ మెడకు చుట్టుకుంది. ఉంగా తిరిగొచ్చాడో లేదో కనుక్కునే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు.

ఆ రోజు మేం ఏమడిగామో, భీమె ఏం చెప్పిందో అతనికి అర్థం కాలేదు. తెలిసింది పిల్ల అన్న ఆ ఒక్క మాటే. నేర్పింది మరిచిపోకుండా చెప్పినందుకు, జీపు ఎక్కబోతూ కూతురి వైపు తిరిగి నవ్వాడు. భేష్ అన్నట్టు తల ఊపాడు.