గాలి తీసిన పరుపు

నేను ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసిన మరుసటి ఏడు, 2011లో, రాజేంద్రనగర్‌లోని అద్దె ఇంటి నుండి శంషాబాద్‌లో కట్టుకున్న సొంత ఇంటికి మారాము. పది గంటల ముహూర్తానికే పాలు పొంగించాలని నా భార్య సుభద్ర పట్టుదల.

ఫోమ్ పరుపు ట్రాలీ ఆటోలో పట్టలేదు. దాన్ని పెద్ద ప్లాస్టిక్ సంచిలోకి ఎక్కించి, వాక్యూమ్ క్లీనర్‌తో గాలి లాగి, చాపలా చుట్టి, నైలాన్ తాడుతో ఏడు చోట్ల బిగించాను.

కొత్త ఇంటి ముందు దిగాక తాళంచెవి కనిపించలేదు. ముహూర్తానికి పావుగంటే ఉంది. “ఒక్క వస్తువైనా జాగ్రత్తగా ఉంచలేవా?” అని ఇరుగుపొరుగు వింటుండగా సుభద్రను మందలించాను. ఆమె చేతిసంచి మళ్లీ వెతకసాగింది. అప్పుడు గుర్తుకు వచ్చింది. ఎక్కడా పోకూడదని తాళంచెవిని పరుపు గలేబులో పెట్టి జిప్పు వేసినది నేనే.

ఆ మాట మెల్లగా చెప్పగానే ఆటో డ్రైవర్ కత్తి తీశాడు. “జర అవుతలకు నిలబడుండ్రి సారూ. ఇది లేసిందంటే ఆగది.”

తాళ్లు తెగి, సంచి చిరగగానే పరుపు బుస్సుమంటూ లేచి వీధికి అడ్డంగా పరుచుకుంది. అందరి ఎదుట దానిపై మోకాళ్లూని, గలేబులోకి భుజం దాకా చెయ్యి దూర్చి తాళంచెవి తీశాను.

“పాలకన్నా ముందుగాల పరుపే పొంగింది కదమ్మా” అన్నాడు డ్రైవర్. సుభద్ర నవ్వు ఆపుకోలేకపోయింది.

“తప్పు నాదే సుభద్రా” అన్నాను, ఇందాక మందలించినంత గట్టిగానే.

“సర్లెండి, ముందు తలుపు తీయండి” అంది.

పాలు వేళకే పొంగాయి. ముప్పై ఏళ్లు పిల్లలచేత తప్పులు ఒప్పించిన నేను, నా తప్పును నలుగురిలో ఒప్పుకున్నది ఆ వీధిలోనే.