ముప్పై ఏడా, ముప్పై తొమ్మిదా

మొన్న బెంజ్ సర్కిల్ దగ్గర గన్నవరం బస్సు కోసం నిలబడి ఉంటే, పోటీ పరీక్షల పుస్తకాలు చంకన పెట్టుకున్న ఇద్దరు కుర్రాళ్ళు పక్కనే ఒకరికొకరు పాఠాలు అప్పజెప్పుకుంటున్నారు. "రెండో ప్రపంచ యుద్ధం మొదలు, ముప్పై తొమ్మిది సెప్టెంబరు ఒకటి. ఈ బిట్ అయిపోయింది, నెక్స్ట్‌కి పోరా," అన్నాడొకడు. అయిపోయిందట! ఆ ఒక్క బిట్ మీద ఏళ్ళ తరబడి సాయంత్రాలు గడిపిన ఇద్దరు పెద్దమనుషుల్ని నేనెరుగుదును. బస్సు వచ్చింది గాని నాకు ఎక్కబుద్ధి కాలేదు.

తొంభైల మొదట్లో ఓ జూనియర్ కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పడానికి బెజవాడ వచ్చి, సత్యనారాయణపురంలో ఒక వాటాలో అద్దెకు దిగాను. ఇంటాయన స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. భార్య పోయింది, పిల్లలు లేరు. నేను బాబాయిగారూ అనేదాన్ని. ఎండ తగ్గాక వాకిట్లో నీళ్ళు చల్లి, రెండు మడత కుర్చీలు వేసి, వీధి వైపు చూస్తూ కూర్చునేవారు. రెండో కుర్చీ సాయిబుగారిది. వన్‌టౌన్‌లో గుండీలు, లేసులు అమ్మే కొట్టు కొడుకులకు అప్పగించి, రిక్షా కట్టించుకుని మరీ వచ్చేవారాయన. వచ్చీ రాగానే, మంచినీళ్ళయినా తాగకుండా, యుద్ధంలోకి దిగేవారు.

బాబాయిగారిది జర్మనీ వాళ్ళు పోలండ్ మీద పడ్డ ముప్పై తొమ్మిది. సాయిబుగారిది జపాను వాళ్ళు చైనా మీద పడ్డ ముప్పై ఏడు. "రైలు ప్లాట్‌ఫారం వదిలితేనేనండీ బయల్దేరినట్టు. మేం రాసుకునేది ఆ టైమే," అని ఈయన. "ఇంజన్లో బొగ్గెయ్యకుండానే వదిలిందా మాస్టారూ?" అని ఆయన. రంగూన్‌లో పనిచేసిన సాయిబుగారి చిన్నాన్న, చైనా నుంచి జనం పిల్లల్నెత్తుకుని పారిపోయి రావడం కళ్ళారా చూశాడట. "వాళ్ళతో చెప్పండి, యుద్ధం ఇంకా మొదలవలేదని!" అనేవారు. "మొదలంటే నేల మీద కనపడేదండీ, చెట్టుకైనా అంతే," అని బాబాయిగారు బిగుసుకుంటే, "మరి కిందున్న వేళ్ళనేం చేద్దాం?" అని సాయిబుగారు నవ్వేవారు. తగువు ముదిరితే నన్ను పిలిచేవారు. చరిత్ర చెప్పి జీతం తీసుకునేది నేను, మాస్టారు అనే పిలుపు మాత్రం రైళ్ళకు జెండా ఊపినాయనది. "పుస్తకంలో ముప్పై తొమ్మిదనే ఉందండీ," అని నసిగితే, "ఆ పుస్తకం రాసినోళ్ళ ఇల్లు జర్మనీ పక్క వీధిలేమ్మా," అని నన్ను కొట్టిపారేసేవారు సాయిబుగారు.

ఊరుగాని ఊళ్ళో ఒంటరిదాన్ని. వంటింటి కిటికీలోంచి ఆ రెండు గొంతులూ వినబడుతుంటే ఇంట్లో నలుగురున్నట్టే ఉండేది. సాయిబుగారు రాని రోజున నాకూ అన్నం సహించేది కాదు.

ఓ ఏడాది వేసవి మొదట్లో సాయిబుగారికి గుండెజబ్బు చేసింది. చాలా రోజులు ఆసుపత్రిలో ఉండి వచ్చారు. మనిషి సగమయ్యారు. రిక్షా దిగి కుర్చీ దాకా నడవడానికే ఆయాసపడ్డారు. అయినా కూర్చోగానే, "ఏమంటారు మాస్టారూ, ముప్పై ఏడేగా?" అన్నారు. బాబాయిగారి మనసు కరిగిపోయింది. "మీరన్నదే నిజమండీ సాయిబుగారూ. ముప్పై ఏడే. నేనే ఇన్నాళ్ళూ మొండికేశాను," అన్నారు.

గెలిచిన మనిషి మొహం వాడిపోయింది. మన వైపు పోయే ప్రాణంతో ఎవరూ వాదం పెట్టుకోరు. అడిగింది వండిపెడతారు, అన్నదానికల్లా ఔనంటారు. ఆ సంగతి ఆయనకు తెలియదా! "అయితే డాక్టరు మీక్కూడా చెప్పేశాడన్నమాట," అన్నారు మెల్లగా. "అబ్బెబ్బే, అది కాదండీ, పోలండ్..." అని బాబాయిగారు తడబడ్డారు గాని మాట అతకలేదు. సాయిబుగారు కాఫీ సగంలోనే వదిలి లేచారు.

ఆ తర్వాత ఆయన రాలేదు. బాబాయిగారు రోజూ రెండు కుర్చీలూ వేసేవారు, రెండూ తీసి లోపల పెట్టేవారు. చివరికి ఓ ఆదివారం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, నన్ను కూడా వెంటబెట్టుకుని వన్‌టౌన్ వెళ్ళారు. సాయిబుగారు మంచం మీదే లేచి కూర్చుని మాకు టీ తెప్పించారు. బాబాయిగారు గ్లాసు ముట్టుకోలేదు. "ఆవేళ నేనేదో పొరపాటున అన్నానండీ. ముప్పై తొమ్మిదే. ముమ్మాటికీ ముప్పై తొమ్మిదే. ఏమంటారో అనండి!" అని గొంతు పెంచారు. ఆయన ఎగిరిపడతారని, కనీసం కసురుకుంటారని ఆశగా చూశాం. సాయిబుగారు బాబాయిగారి చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని, "సరే మాస్టారూ. ముప్పై తొమ్మిదే," అన్నారు.

తిరిగొస్తుంటే, రిక్షా కాలవ వంతెన దాటాక బాబాయిగారు, "ఆయన కూడా ఒప్పేసుకున్నాడమ్మా," అని తుండుగుడ్డతో కళ్ళు ఒత్తుకున్నారు.

వానలు పడకముందే సాయిబుగారు పోయారు. బాబాయిగారు వాకిట్లో కూర్చోవడం మానేశారు. ఆ నిశ్శబ్దం నేను భరించలేకపోయేదాన్ని. ఓ సాయంత్రం ఉండబట్టలేక నేనే వెళ్ళి, "ఎలా చూసినా ముప్పై ఏడే కదా బాబాయిగారూ?" అని రెచ్చగొట్టబోయాను. ఆయన నా వైపు జాలిగా చూసి, "నీకెందుకులేమ్మా, వెళ్ళి అన్నం తిను," అన్నారు.

ఇప్పుడు బాబాయిగారూ లేరు. ఆయన ఎప్పట్నుంచి అలా ఒంటరివారయ్యారని అడిగితే, ఆ వీధిలో ఎవరైనా సాయిబుగారు పోయిన రోజే చెబుతారు. నేను మాత్రం ఒప్పుకోను. ప్రేమకొద్దీ ఆయన ఓడిపోయిన ఆ సాయంత్రమే అది మొదలైంది. వాళ్ళు చెప్పే తేదీ తీరిగ్గా తర్వాత వచ్చింది.