బావ పేరు మీద వచ్చిన అలర్ట్

దయ్యాల మాటెత్తితే నవ్వేవాణ్ణి. ఒమన్‌లో, ఘాలాలోని మా కంపెనీ రూమ్‌లో ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే, ముందు ఆ దయ్యాన్ని వీసా చూపించమనండి అని ఆటపట్టించేవాణ్ణి. కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం నాది. దేనికైనా ఒక కారణం ఉంటుందని, వెతికితే దొరుకుతుందని నా నమ్మకం.

మా అక్క భర్త కూడా అదే కంపెనీ గోదాములో పనిచేసేవాడు. పోయిన వేసవిలో డ్యూటీలోనే గుండె ఆగి చనిపోయాడు. ఆయన ఒమన్ వచ్చాక పుట్టిన కూతుర్ని ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు. శవపేటికతో పాటు ఆయన సామాను, ఫోను జగిత్యాల పంపించాం.

సెలవు దొరికే శుక్రవారాల్లో బావ కూతురి కోసం మాటలు రికార్డు చేసేవాడు. ఫోన్‌లో చోటు చాలక, వాటిని కంపెనీ స్టోరేజ్ సర్వర్‌లో తన ఫోల్డర్‌లో దాచి, పాస్‌వర్డ్‌తో తాళం వేసుకున్నాడు. ఇంటికి వెళ్ళినప్పుడు అన్నీ ఒక్కసారే వినిపిస్తానని అక్కకు చెప్పాడట. ఆ పాస్‌వర్డ్ ఆయనకొక్కడికే తెలుసు. సర్వర్ అంతా నా చేతిలో ఉన్నా, ఆ తాళం తీయడం నాకు కూడా రాదు.

ఆయన పోయాక సర్వర్ భద్రత గట్టి చేయమని మేనేజర్ చెప్పాడు. ఉద్యోగంలో లేనివాళ్ళ ఖాతాలన్నీ మూసేశాను. ఆ ఖాతాలతో ఎవరు లోపలికి రావాలని చూసినా నా ఫోన్‌కు అలర్ట్ వచ్చేలా పెట్టాను. మూసిన ఖాతాల ఫోల్డర్లను నెలాఖరుకల్లా చెరిపేయాలన్నారు. బావ ఫోల్డర్ తాళానికి అక్క పేరు, పాప పేరు, ఊరి పేరు అన్నీ కొట్టి చూశాను. ఏదీ పనిచేయలేదు. ఆ గొంతు ఇక పాపకు దక్కదనుకుంటే తిండి సహించేది కాదు.

ఒక శుక్రవారం పొద్దున అలర్ట్ వచ్చింది. బావ పేరు, బావ ఫోను. ఖాతా మూసి ఉంది కాబట్టి ప్రవేశం లేదని దాని సారాంశం. పాస్‌వర్డ్ తప్పయితే మా సర్వర్ పాస్‌వర్డ్ తప్పు అనే చెబుతుంది. అంటే కొట్టిన పాస్‌వర్డ్ సరైనదే.

ఎవడో ఆకతాయి పని అనుకుని ఒళ్ళు మండింది. ఆఫీసుకు వెళ్ళి వైఫై పాస్‌వర్డ్ మార్చేశాను. అలర్ట్ మళ్ళీ వచ్చింది. అక్కకు వీడియో కాల్ చేస్తే బీరువాలోంచి బావ ఫోన్ తీసి చూపించింది. ఛార్జింగ్ లేక ఆగిపోయి ఉంది. పైగా మా సర్వర్‌లోకి బయటినుంచి దారే లేదు.

నేను మూసిన బావ ఖాతాను మళ్ళీ తెరిచాను.

వెంటనే, కనెక్ట్ అయినవాళ్ళ వరసలో ఆయన పేరు కనిపించింది. ఫోల్డర్ తాళం తీసి ఉంది. రికార్డింగులన్నీ కాపీ చేసి, బావ పేరు సర్వర్‌లో కనిపిస్తోందని కూడా రాసి అక్కకు పంపాను. మొదటిది మాత్రం నేనూ విన్నాను. "బిడ్డా, నేను బాపును. ఇయ్యాల ఈడ మస్తు ఉడుకపోస్తున్నది. బువ్వ తిన్నవా నువ్వు?"

కాసేపటికి అక్క ఫోన్ చేసింది. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు పోయింది.

"తమ్మీ, ఆయన ఇంకా ఆడనే ఉన్నడా?"

స్క్రీన్ చూశాను. "ఉన్నడక్కా."

"బిడ్డ విన్నదని చెప్పు. చెప్పి పొమ్మను."

"బావా, బిడ్డ విన్నదట" అన్నాను. కనెక్షన్ తెంచే బటన్ ఎదురుగానే ఉంది. దాన్ని నొక్కలేకపోయాను. నేను చూస్తుండగానే ఆయన పేరు దానంతటదే పోయింది.

తెలిసినవాళ్ళను అడిగితే సాఫ్ట్‌వేర్ లోపమన్నారు. ఆ లోపానికి బావ పాస్‌వర్డ్ ఎలా తెలిసిందో ఎవరూ చెప్పలేకపోయారు. నాకూ తెలియదు.

మళ్ళీ అలర్ట్ రాలేదు. బావ ఖాతా మూసేశానని మేనేజర్‌కు చెప్పాను. ఇంకా మూయలేదు.